ఎర్ర దారం బస్తా

1986 ఫిబ్రవరి 17వ తేదీన శ్రీ మెత్వల్లీ షహాతా గారు బెల్బేస్‌లోని మన దాణా మిల్లులో మిక్సరు విభాగానికి సహాయకులుగా చేరారు. ముప్పై ఎనిమిదేళ్ళ అవిచ్ఛిన్న సేవానంతరం, ఆ విభాగానికే అధిపతిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. సరుకు పంపిణీ అధికారిగా వారితో పంతొమ్మిదేళ్ళు వేగిన నాకే ఈ వీడ్కోలు వ్యాసరచన అప్పగించటం యాజమాన్యం చమత్కారం కావచ్చు.

తొలి దశాబ్దంలోనే వారు ఒక నియమాన్ని ప్రతిష్ఠించారు. రక్తపారుడు రోగం రాకుండా మందు కలిపిన కోళ్ళ దాణా తయారయ్యాక, అదే మిక్సరులో మరో జీవి దాణా పడాలంటే ముందుగా రెండు వందల కిలోల మామూలు మొక్కజొన్న పిండి తిప్పి, లోపల అంటుకున్న మందును తుడిపించాలి. ఆ తుడుపు పిండి బస్తాలకు ఎర్ర దారం కట్టి, మళ్ళీ ఆ కోళ్ళ దాణాలోనే కలపాలి. నియమం సమంజసమే. కానీ గేటు దగ్గర ఆరు లారీలు హారన్లు మోగిస్తూ, డ్రైవర్లు నా ఏడు తరాలనూ స్మరిస్తుండగా, వారు చెక్క సుత్తితో మిక్సరును తట్టి, "ఇంకా రాలుతోంది, ఇంకోసారి తిప్పండి" అనటం మానవమాత్రుల ఓర్పుకు మించినది. బతిమాలాను, అరిచాను, పైవారికి ఫిర్యాదు చేశాను. గోడకు చెప్పుకున్నట్టే అయింది. 2008లో వారు విభాగాధిపతులయ్యాక ఫిర్యాదు చేసే దారి కూడా మూసుకుపోయింది.

పదేళ్ళ కిందట మా అమ్మాయి నజ్లా పెంచుకునే గుర్రం రీమ్‌కు ఇంట్లో దాణా నిండుకుంది. తుడుపు పిండి చూడటానికి మేలైన మొక్కజొన్నలాగే ఉంటుంది. ఇందులో మందెంత ఉంటుందిలే అనుకుని, ఒక బస్తా దారం తెంపి ఇంటికి పట్టుకుపోయాను. తెగిపడిన ఎర్ర దారం చూసి, బస్తా ఎవరు పట్టుకెళ్ళారో కనుక్కుని, గంట తిరక్కుండా మెత్వల్లీ గారు ఆటో దిగి, పిండి కొట్టుకున్న బట్టలతోనే మా పెరట్లోకి పరుగెత్తుకొచ్చి, తొట్టిని కాలితో తన్ని బోర్లించారు.

"ఏమైనా తిన్నదా తల్లీ?"

"ఇప్పుడే పోశాను పెదనాన్నా, ఇంకా మూతి పెట్టలేదు. ఏమైంది?"

అప్పుడు నా వైపు తిరిగారు. "ఏం రుష్దీ, గుర్రం నీ కంటికి కోడిలా కనబడిందా? ఆ మందు దీని గుండె ఆపేస్తుందయ్యా!"

"మిక్సరు తుడిచిన పిండే కదా హాజీ..." అని నసిగాను.

"తుడిచింది దేన్ననుకున్నావు? ఆ మందునేగా!"

నజ్లా గుర్రం మెడను పట్టుకుని ఏడ్చింది. వారు తొట్టిని తమ చేతులతో మూడుసార్లు కడిగి, ఆ తర్వాతే మా ఇంట టీ తాగారు. ఈ సంగతి మిల్లులో ఒక్కరికీ చెప్పలేదు; నేడు నేనే చెబుతున్నాను. అయితే మర్నాడు మళ్ళీ "ఇంకోసారి తిప్పండి" అన్నారు, నేనూ మళ్ళీ అరిచాను. కృతజ్ఞత కృతజ్ఞతే, లారీలు లారీలే.

వీడ్కోలు సభకు నజ్లా రీమ్ మీదే వస్తానంటోంది. ఇక మిక్సరు విభాగాన్ని కూడా తాత్కాలికంగా నాకే అంటగట్టారు. నిన్న వారు ఆ చెక్క సుత్తిని నా చేతిలో పెట్టారు. ఈ ఉదయం గేటు దగ్గర నాలుగు లారీలు, తర్వాతి దాణా గుర్రాలది. తట్టి చూశాను. ఇంకా రాలుతోంది. ఇంకోసారి తిప్పమన్నాను.

డ్రైవర్లు ఇప్పుడు నన్నూ, ఈ చాదస్తం నాకంటించిన మెత్వల్లీ గారినీ కలిపి తిడుతున్నారు. ఆ తిట్లన్నీ దీవెనలై, వారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను.