చింతలల్ల పలికిన గొంతు

"నాయినమ్మా, అడివి పార్కుల నడిచే తొవ్వ ఆ చింతలకాడ గట్ల వంకర తిరిగిందేంది?"

గదా? కూసో, చెప్త. ఫోన్ల రికార్డు అయితుందా? కానియ్యి.

ఇప్పుడంటే పొద్దుగాల బూట్లేసుకొని నడుస్తున్నరు గని, గప్పుడు ఉత్త అడివే బిడ్డా. సుట్టూత పట్నం పెరిగింది, నడుమ అడివి మిగిలింది. నిజాముల కంటే ముందటి చెట్లంట, పెద్దోళ్లు చెప్పేటోళ్లు. సర్కారోళ్లు కంచె ఏసి, జనం తిరగనీకి తొవ్వ ఏస్తున్నరు. నేను, మా ఆడిబిడ్డ పోశవ్వ, అదే, మీ తాతకు అక్క, శాలిబండ నుంచి ఆటోల పొయ్యి కూలి చేసేటోళ్లం. ముండ్లపొదలు కొట్టుడు, రాళ్లు ఏరుడు. నాకు తల్లి లెక్క బిడ్డా పోశవ్వ. పెండ్లయి వచ్చిన కొత్తల నాకు వంట రాకపోతే, మా అత్తకు తెల్వకుండ తనే పప్పుకు పోపు పెట్టేది... ఏడిదాక చెప్పిన? ఆఁ, చింతలు.

ఆ దినం చింతల నడుమకెళ్లి సున్నం గీత గీసిండ్రు. ఆరు చెట్లు, కాదు కాదు, ఏడు, కొట్టాలె. పట్టపగలు, సద్ది తినే యాళ్ల. పోశవ్వ కనవడలే. "వదినే!" అని పిలిచిన. చింతలల్లకెళ్లి "వస్తున్నా" అన్నది. ఎంతసేపటికీ రాలే. మల్ల పిలిచిన. "వస్తున్నా." గదే గొంతు, గంతే దూరం. లోపటికి పోయిన. ఒక్క పిట్ట కూయలే, ఆకు కదల్లే. నేను నాలుగడుగులేస్తే గొంతు నాలుగడుగులు ఎనుకకు జరుగుతున్నది.

గప్పుడు గేటు దిక్కుకెళ్లి, "ఎవర్నే పిలుస్తున్నవ్?" అని ఇనవడ్డది. తిరిగి చూస్తే పోశవ్వ! బోరింగు కాడ కాళ్లు కడుక్కొని, తడికాళ్లతోటి నిలవడ్డది. లోపటికే పోలేదంట.

ఉరికి ఆమె కాడికి వచ్చిన. గంతట్లనే చింతలల్లకెళ్లి "వదినే!" అని పిలుపు. నా గొంతే బిడ్డా! నేనేమో నోరు మూసుకొని నిలవడ్డ. పోశవ్వ నా మొఖం చూసుకుంటనే "ఆఁ" అనబోయింది. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టి, కంచె అవతల దాక గుంజుకొచ్చిన.

ఇంజినీరు సారుకు చెప్తే నవ్విండు. "ఏం లొల్లమ్మా మీది" అనుకుంట ఒక్కడే లోపటికి పోయిండు. ఏదో ఆడమనిషి పేరు పెట్టి పిలిచిండు. మాకైతే జవాబు ఇనవడలే. ఆయనకు ఇనవడ్డదని మొఖం చూస్తెనే ఎరుకైంది. వచ్చి రాయి మీద కూసున్నడు. ఇగ లేసి, తన బూటుతోటే సున్నం గీత చెరిపి, "పక్కకెళ్లి తిప్పుండ్రి. ఆ చెట్లు ముట్టొద్దు" అన్నడు. గట్ల వంకర వడ్డది తొవ్వ.

పోశవ్వ మల్ల ఆ పనికి రాలే. గుడిమల్కాపూర్‌ల పూలదండలు కట్టుకుంట బతికింది. కని ఎవలు పిలిచినా పలికేది కాదు. చెవుడనుకున్నరు జనం. చెవుడేం కాదు, దగ్గరికొచ్చి ముట్టుకుంటెనే "ఏందే" అనేది. పోయినేడు దవాఖానల, ఆఖరి గడియల, కొడుకులు "అమ్మా, అమ్మా" అని ఒకటే పిలుస్తున్నరు. కండ్లు తెరుస్తలేదు. "అరువకుండ్రి" అని, నేను పొయ్యి భుజం మీద చెయ్యేసిన. తెరిచింది.

"నువ్వేనా?" అన్నది.

"నేనే వదినే" అన్న.

...సరే తియ్యి. నా ఆయుష్షు గూడ పోసుకొని సల్లగ బతుకు బిడ్డా.