పాత అడ్రసు

జమ్మలమడుగు పక్కన పునరావాస కాలనీలో, రిటైరైన పోస్ట్‌మన్ తన ఇంటి ముందు కూర్చుని, బెంగళూరు ల్యాబు నుంచి వచ్చిన కూతురిని కొడుకు జబ్బు గురించి అడిగాడు.

"మీ అన్న గురించి ఏం చెప్పె నీ కంప్యూటరు?"

"అంతా సరిగ్గానే ఉందంటాంది నాయనా. ప్రోటీన్ అక్షరాలు చదివి, కణంలో అది ఏ గదిలో ఉంటాదో చెప్పడమే దాని పని. కిడ్నీల్లో రాళ్లు పడకుండా కాపాడే ప్రోటీన్ అన్న లివర్‌లో దాని గదిలోనే ఉంటాదంట."

"మరి రాళ్లు ఏంటికి పడతాండాయి?"

"అదే నాకూ అంతు చిక్కల్యా."

ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు.

"మన ఊరు డ్యాం నీళ్లలో మునిగినాక గూడా రెండేండ్లు ఉత్తరాలు పాత అడ్రసుకే వచ్చె. పేరు కరెక్టే, డోర్ నంబరు కరెక్టే. మనిషి మాత్రం ఆడ ల్యాకపాయె. నేనే ఎతుక్కుంటా కాలనీలకు పోయి ఇస్తాంటి."

"అయితే?"

"నీ మిషను అడ్రసు చదివింది. మనిషిని చూసిందా?"

ఆమె బ్యాగులోంచి అన్న రిపోర్టు తీసి మళ్లీ చూసింది.

"ల్యా. అన్నదాంట్లో ఒక్క అక్షరమే తేడా. దాన్ని మిషను లెక్క చేయల్యా. టెస్టుకు తీసిన లివర్ ముక్క ల్యాబులోనే ఉంది. మైక్రోస్కోపులో చూస్తా."

వారం తర్వాత ఫోనొచ్చింది.

"దొరికింది నాయనా. పక్క గదిలో ఉంది. దానికి పని బాగానే వచ్చు, కానీ అది చేయాల్సిన పని ఆ గదిలో ల్యా."

"మందుందా?"

"ఒక విటమిన్ మాత్ర ఉంది. అది మింగితే కొందరికి మళ్లా సొంత గదికి పోతాదంట."

ఆయన ఎదురుగా ఉన్న కాలనీ ఇళ్ల వరస చూశాడు.

"ఇప్పియ్యి మీ అన్నకు. మన ఊరోళ్లకైతే అట్లాంటి మాత్ర ఎవురూ ఇయ్యల్యా."