వాపసు రాని నక్షత్రాలు

అరవై నక్షత్రాలు వద్దన్నయ్యగారూ. నిరుటిలాగే ఇరవై చాలంటే వినరేటి? ఎప్పుడూ మీ మాట మీదే మీరుంటారు.

కూర్చోమనకండి. కూర్చుంటే చెప్పలేను.

రాయపూర్ రాజధానిగా మనకి కొత్త రాష్ట్రం వచ్చిన ఏడు కదా, మీ కొట్టు ముందర దండెం కట్టి ఇచ్చారు. "డైసీ, క్రిస్మస్ నక్షత్రాలు చేసి తగిలించు. అమ్మినవాటికే డబ్బు, మిగిలినవి పండగ మర్నాడు వాపసు. సగం దాటి వాపసైతే మరుసటేడు దండెం లేదు." కాగితం లేదు, సంతకం లేదు. అయిదో తరగతి చదివినదాన్ని, తలూపేను.

ఇంట్లో నా పని ఎవరికి కనబడుతుంది చెప్పండి. మా ఆయన ఉక్కు ప్లాంటు నుంచి వస్తాడు, కంచం ముందర కూర్చుంటాడు, లేస్తాడు. మీ దండెం కింద మాత్రం మన క్యాంప్ వన్ బస్తీ జనం తలెత్తి చూసి పోయేవారు. వెదురుబద్దలు, రంగు కాగితం, మైదా జిగురు. అంతా నా చేతులతో చేసిందే.

నిరుడు బజారులోకి ప్లాస్టిక్‌వి దిగేయి. పండగ మూడు రోజులుందనగా నావి ఆరే పోయేయి. పద్నాలుగు అలాగే ఊగుతున్నాయి.

అప్పుడు మా పక్కింటి జోగమ్మ వచ్చి కొంది, గుర్తుందా? ఒకరోజు అయిదు, మర్నాడు అయిదు, ఆ మర్నాడు నాలుగు. "ఏటమ్మా, మీ ఇంటికి గుమ్మాలెన్ని?" అన్నారట మీరు.

జోగమ్మ సింహాచలం అప్పన్నకి మొక్కుకునే మనిషి అన్నయ్యగారూ. దానికి నక్షత్రాలెందుకు?

అలా చూడకండి. అవును, డబ్బిచ్చి పంపింది నేనే.

మీరూరుకుంటే నేనూ ఊరుకుందును. మొన్న రాయపూర్ నుంచి ప్లాస్టిక్ నక్షత్రాలాయన వస్తే, "మా డైసీవి ఒక్కటీ వాపసవలేదు, నువ్వెళ్లు భయ్యా" అని పంపేశారట. నా మూలాన మీ పండగ బేరం పోతుంది. అది వినే ఇలా వచ్చేను.

ఆయనకి కబురు పెట్టండి. దండెం ఆయనకే ఇవ్వండి.

నావి మంచం కింద ఉన్నాయి, చీర చుట్టి పెట్టేను. పద్నాలుగూ కాదు. ఒకటి జోగమ్మ ఉంచేసుకుంది, బాగుందని. ఇప్పటికీ దాని గుమ్మానికే ఉంది.

పదమూడు అనుకోండి వాపసు. సగం దాటినట్టేనా, అన్నయ్యగారూ?

దాటినట్టేలెండి.