ఆడవాళ్ల ఎత్తుకు చేసిన మేడి

నా పేరు పట్నాల సన్యాసయ్య. తండ్రి పేరు రాములు, ఇప్పుడు లేరు. వయసు యాభై నాలుగు. వృత్తి వడ్రంగం. కాపురం రాయగడ జిల్లాలో గునుపూర్ దగ్గర బొడ్డవలస. మా తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ నిలబడ్డాం. ఒడియా మాట్లాడగలను, చదవలేను. అందుకని మెజిస్ట్రేటు గారి అనుమతితో తెలుగులో చెబుతున్నాను, గుమాస్తా గారు తెలుగులోనే రాసుకుంటున్నారు. ఈ కేసులో ముద్దాయి పుణ్యవతి నాకు చుట్టం కాదు, ఊరి వరసకి మావయ్య అని పిలుస్తుంది. ఫిర్యాది జగ్గారావు గారితో నాకు తగువు లేదు. ఆయన బళ్లు, నాగళ్లు, ఇంటి తలుపులు అన్నీ నా చేతి పనే. నన్ను ఎవరూ బెదిరించి ఇక్కడికి తీసుకురాలేదు. రావద్దని మాత్రం చెప్పారు.

1998 జూన్ 26న పొద్దున్న మా ఊళ్లో దుర్గాభవాని పొలంలో పుణ్యవతి కొడవలితో తన కాలు నరికిందని జగ్గారావు గారి ఫిర్యాదు. ఆ సమయంలో నేను ఆ పొలం గట్టు మీదే ఉన్నాను. నీకక్కడ ఏం పని అని అడిగారు. పని లేదు. చూడటానికి వెళ్లాను. ఏం చూడటానికి అంటే, కాస్త వెనక్కి వెళ్లి చెప్పాలి.

పుణ్యవతి మా ఊరి వార్డు మెంబరు. కూలి చేసుకునే మనిషి. పోయిన ఏడాది ఉడుపుల కాలంలో ఆడవాళ్లకూ మగవాళ్లతో సమానంగా కూలి ఇవ్వాలని మహిళా సమితి తరఫున ఊళ్లో ఆడవాళ్లనీ, పక్కన సవర గూడెం ఆడవాళ్లనీ పనిలోకి దిగకుండా ఒకచోట కూర్చోబెట్టింది. ఆ కూర్చున్న చోటు దుర్గాభవాని ఇంటి అరుగు. నారు ముదిరిపోతుందని భయపడి రైతులు చివరికి ఒప్పుకున్నారు. జగ్గారావు గారు మా ఊళ్లో పెద్ద రైతు. ఆయన కూడా ఒప్పుకున్నారు గాని మరిచిపోలేదు.

దుర్గాభవాని మొగుడు చిన్నబాబుకి ఈ వేసవిలో రైసుమిల్లు బెల్టులో పడి కుడిచెయ్యి పోయింది. వాళ్లకి రెండెకరాల పల్లం ఉంది, ఎద్దులున్నాయి, దున్నే మనిషి లేడు. తొలకరి పడింది. ఎవరిని పిలిచినా రామన్నారు. ఎందుకని నేను ఒకరిద్దర్ని అడిగాను. తల దించుకుని వెళ్లిపోయారు. ఆ భూమి తనకి కౌలుకి ఇచ్చేయమని జగ్గారావు గారు చిన్నబాబుకి కబురు పెట్టినట్టు తర్వాత తెలిసింది. ఇది నేను విన్నది, చూసింది కాదు. ఆ తేడా రాసుకోమని కోరుతున్నాను.

అలాంటి రోజుల్లో పుణ్యవతి, దుర్గాభవాని నా పాకకి వచ్చారు.

“మావయ్యా, మాకో నాగలి సేసి పెట్టాల. ఆడోల్లు పట్టేది” అంది పుణ్యవతి.

నేను నవ్వాను. నాగలికి ఆడా మగా ఏమిటన్నాను.

“అయితే ఇదిగో, దీన్ని పడతాను సూడు” అని నా పాకలో ఉన్న నాగలి పట్టుకుని నిలబడింది. వెనక చేత్తో పట్టే మేడి ఆమెకి పొట్ట పైకి వచ్చింది. నొక్కమన్నాను. నొక్కితే కింద నేల చీల్చే ఇనప కర్రు లోపలికి దిగలేదు, ఆమె మడమలు పైకి లేచాయి. నేను లేచి చుట్టూ తిరిగి చూశాను. ముప్పై ఏళ్లుగా నాగళ్లు చేస్తున్నాను, ఈ సంగతి నాకెప్పుడూ తోచలేదు. తోచవలసిన అవసరం రాలేదు.

ఆడది మేడి పడితే వాన పోతుందని మావాళ్ల నమ్మకం. నీకు ఆ నమ్మకం ఉందా అని అడిగారు. ఉంది. మా అమ్మ చెప్పింది, నేను నమ్మాను. అయినా చేస్తానన్నాను. మేడి ఎంత తగ్గించాలి, తగ్గిస్తే కర్రు వాలు ఎలా మార్చాలి, అది తేల్చుకోకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

“ఎవురి ఎత్తుకి సెయ్యాలమ్మి?” అని దుర్గాభవానిని అడిగాను. పొలం ఆమెది కదా అని.

పుణ్యవతి అడ్డొచ్చింది. “దాని ఒక్కదాని ఎత్తుకీ వద్దు మావయ్యా. అందరం పట్టేలాగ సెయ్యి. ఒకర్తి పడితే అపచారం అంటారు, దాన్నే తిడతారు. అందరం పడితే ఎవుర్ని తిడతారు?”

మర్నాడు ఆడవాళ్లందరినీ తీసుకొచ్చింది, సవర గూడెం వాళ్లని కూడా. ఒక్కొక్కరూ వెదురు గెడ పట్టుకుని నిలబడితే వాళ్ల అరచేయి ఆనిన చోట బొగ్గుతో గీత పెట్టుకున్నాను. ఒకటే నవ్వులు. గీతలన్నీ దాదాపు ఒకే చోట పడ్డాయి. అందుకు నాకు ఆశ్చర్యం వేసింది. మా ఆవిడ అమ్మన్నమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతూ ఇదంతా చూసింది. తుమ్మ కర్రతో నాగలి చేశాను, మేడి పొట్టిగా పెట్టాను, అడుగున కాస్త బరువు ఎక్కువ ఉంచాను.

26న దున్నుతున్నారని తెలిసి, తెల్లవారాక నేనూ వెళ్లాను. నాగలి నడుస్తుందా లేదా చూడాలి. ఆకాశం కూడా చూశాను, అబద్ధం ఎందుకు. మబ్బు ఉంది, వాన లేదు.

ముందు పుణ్యవతి పట్టింది. ఎద్దులు కదల్లేదు. వాటికి అలవాటైనది చిన్నబాబు గొంతు. ఆడగొంతు అదిలించేసరికి ఎడమ పక్కన కట్టిన దాపలెద్దు మెడ తిప్పి వెనక్కి చూసింది. ఎవరా అని చూసినట్టే ఉంది. చిన్నబాబు గట్టు మీద కూర్చుని, “తోక మీద సెయ్యెయ్యి పిన్నీ, నువ్వున్నావని దానికి తెలియాల” అన్నాడు. చెయ్యి వేసింది. కదిలాయి. నాగలి గీసిన మొదటి చాలు పాము పాకినట్టు పోయింది. రెండోది కొంచెం నయం. తర్వాత ఒకరి తర్వాత ఒకరు పట్టారు. దుర్గాభవాని వంతు వచ్చేసరికి చాలు తిన్నగా పడుతోంది. నేను చేసిన వాలు సరిపోయింది. నాకు చాలా సంతోషం వేసింది. ఇది కేసుకి అవసరం లేదని తెలుసు, అయినా చెబుతున్నాను.

అప్పుడు జగ్గారావు గారు నలుగురు మనుషులతో వచ్చారు. గట్టు మీద నన్ను చూసి, “ఏటి సన్యాసీ, నీ పనేనా?” అన్నారు. అవునన్నాను. ఆయన పొలంలోకి దిగారు.

“ఊరికి వాన లేకుండా సేసేస్తారేటే? ఆపండి!” అని అరిచారు.

పుణ్యవతి ముందుకి వచ్చింది. గొంతు పెంచలేదు. “బాబూ, మీ పొలంలో ఉడుపులు ఎవురు ఏత్తన్నారు? మేమే గదా. మా సేత్తో నాటితే వరి బతుకుతాది. మా సేత్తో దున్నితే వాన సచ్చిపోద్దా?”

ఆయన దుర్గాభవాని చేతిలోని మేడిని పట్టుకుని తన వైపు లాగారు. ఆమె వదల్లేదు. ఆయన ఇంకా గట్టిగా లాగారు. ఎద్దులు బెదిరి ఒక్కసారిగా ముందుకి దూకాయి. నాగలి నేలలోంచి లేచి పక్కకి తిరిగింది. కర్రు ఆయన కుడి మోకాలి కింద తగిలింది. రక్తం వచ్చింది. ఆయన పడిపోయారు.

కొడవలి సంగతి అడిగారు. కొడవలి ఒకటి ఉంది. అది సవర గూడెం ఆడమనిషిది, గట్టు మీద గడ్డిమోపులో గుచ్చి ఉంది. నేను దాని పక్కనే నిలబడ్డాను. అది అక్కడి నుంచి కదల్లేదు. ఆయన పడినప్పుడు పుణ్యవతి చేతుల్లో మట్టి తప్ప ఏమీ లేదు. అంతటితో ఊరుకోకుండా తన చీర కొంగు చింపి ఆయన కాలికి కట్టు కట్టింది. ఆయన తిడుతూనే ఉన్నారు, ఆమె కడుతూనే ఉంది. “కదలకండి బాబూ, ముడి జారిపోతంది” అంది. ఆ గుడ్డ ఆస్పత్రిలో ఎవరో తీసే ఉంటారు. వెతికిస్తే దొరకవచ్చు, దొరకకపోవచ్చు.

ఆయన్ని బండి దాకా మోసుకెళ్లిన నలుగురూ ఇదంతా చూశారు. వాళ్లు చూడలేదంటున్నారని విన్నాను. వాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లు ఆయన దగ్గర పని చేసుకునే వాళ్లు. నేనూ ఆయన పని మీదే బతికేవాడిని. సాక్ష్యం చెబితే ఊళ్లో నాకు ఎవరూ పని ఇవ్వరని మొన్న కబురు వచ్చింది. అది ఎవరు తెచ్చారో అడగవద్దని మనవి.

తర్వాత ఆడవాళ్లు పారిపోయారని ఫిర్యాదులో ఉందట. పారిపోలేదు. పుణ్యవతి బండి కట్టించి ఆయన వెంట గునుపూర్ ఆస్పత్రికి వెళ్లింది. దుర్గాభవాని గట్టు మీద కూలబడింది. మిగిలిన ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. నాగలి చాలులో పక్కకి పడి ఉంది. ఇక ఇంతే అనుకున్నాను.

అప్పుడు మా అమ్మన్నమ్మ పొలంలోకి దిగింది. ఆవిడ నా వెనకాలే వచ్చినట్టు నాకు తెలియదు. చీర మోకాళ్ల పైకి దోపుకుని నాగలి ఎత్తి నిలబెట్టింది. నేను గట్టు మీద నుంచి, “ఏటి సేత్తన్నావే?” అని అరిచాను.

“ముప్పై ఏళ్లు నీ నాగళ్లు తుడిసేను, మోసేను. నేల్లో ఎలగుంటాదో ఒక్కపాలి సూడొద్దేటయ్యా?” అంది. ఎద్దుల్ని అదిలించింది. మిగిలిన వాళ్లు వెనక నడిచారు. మధ్యాహ్నానికి ఆ మడి పూర్తయింది.

వాన సంగతి కూడా అడిగారు. జూలై మొదటి వారంలో పడింది. ఊళ్లో అందరి పొలాల్లోనూ పడింది.

ఆ రోజు మేడి పట్టిన వాళ్లందరి పేర్లూ ఫిర్యాదులో ఉన్నాయి. మా ఆవిడ పేరు లేదు. నా పని కావాలి కనుక జగ్గారావు గారు ఆ పేరు రాయించలేదని నా అనుమానం. ఈ రోజు నేను బయల్దేరుతుంటే ఆవిడ గుమ్మంలో నిలబడి, “నా పేరు మరిసిపోకు. రాయించు” అంది. కనుక రాయిస్తున్నాను. పట్నాల అమ్మన్నమ్మ, భర్త సన్యాసయ్య, వయసు నలభై ఎనిమిది, కాపురం బొడ్డవలస. మేడి పట్టడం నేరమైతే ఆవిడా పట్టింది.

ఇదంతా గుమాస్తా గారు నాకు తెలుగులో చదివి వినిపించారు. విన్నాను, నేను చెప్పినట్టే ఉంది. కళ్లతో చూసింది చూసినట్టు, చెవులతో విన్నది విన్నట్టు చెప్పాను. ఇందులో నా చేత ఎవరూ పలికించిన మాట లేదు.

పట్నాల సన్యాసయ్య
(ఎడమ బొటనవేలి ముద్ర)