హెడ్‌లైటులో బల్లిపిల్ల

హలో… ఆ, నేనే. బావనే మాట్లాడుతున్నాను, బావమరిదీ…

బయల్దేరానా అంటే… ఒక విధంగా బయల్దేరినట్టే. మనసు బయల్దేరింది, నీ కారే ఇంకా మా గుమ్మం ముందుంది…

కోప్పడకు. నువ్వు తనిఖీ కార్యాలయం దగ్గర వరసలో నుంచున్నావని తెలుసు. మనకంటే ముందు చాలా బళ్ళున్నాయా?… చాలా సంతోషం… నీ కాళ్ళు పీకుతున్నందుకు కాదయ్యా నా సంతోషం.

తెలుసు నాయనా. ఇవాళ కార్యాలయం మూసేలోగా తనిఖీ కాకపోతే రేపటినుంచి నీ టాక్సీ రోడ్డెక్కకూడదు. అది తెలిసే కదా ఈ పని నెత్తిన వేసుకున్నాను…

అవును, "నేనుండగా షాపెందుకోయ్" అన్నది నేనే. కాదనడం లేదు…

ఎడమవైపు హెడ్‌లైటు దివ్యంగా కుదిరింది. ఓవెన్‌లో వేడిచేశాను, జిగురు మెత్తబడింది, అద్దం ఊడింది. పొట్టు లేచిపోయిన ఆ లోపలి ఫ్రేము గీకి నల్లరంగు కొట్టాను. మళ్ళీ అతికించి బిగించాను కూడా. చూస్తే కాటుక పెట్టిన కన్నులా ఉంది. చిక్కంతా కుడికంటితోనే…

విరగలేదు…

రంగు కారలేదు…

అబ్బ, చెప్పనిస్తావా? లోపల బల్లి ఉంది.

—

బల్లి. గోడమీద పాకుతుంది చూడు, అది. పెద్దది కాదు, పిల్ల.

—

నవ్వడం అయిందా?… సరే, నవ్వుకో.

ఎలా వెళ్ళిందంటే, ఆ కుడి హెడ్‌లైటుకూ రంగు కొట్టి, అద్దం అతికించి, వాసన పోవాలని రాత్రంతా టేబుల్ లైటు కింద పెట్టాను. లైటుకు పురుగులు వచ్చాయి, పురుగులకు ఇది వచ్చింది. వెనక బల్బు పెట్టే రంధ్రం తెరిచే ఉంది కదా, తలుపు తీసి పిలిచినట్టయింది. పొద్దున్నే చూసుకుంటే అద్దం ఒక మూల సరిగ్గా అతుకుపడలేదు. మళ్ళీ ఓవెన్‌లో పెట్టి, జిగురు కరిగాక నొక్కాలి. లేకపోతే నీళ్ళు దిగుతాయి. తీరా పెట్టబోతుంటే మీ అక్క, "ఏమండీ, మీ దీపం నన్ను చూస్తోంది" అంది…

అదేమిటోయ్ ఆ మాట. "కాల్చి పారెయ్" అంటావా… బల్లే అయితే మాత్రం? దానికి దాని ప్రాణం ఏనుగు ప్రాణమంత.

—

చేతకాకపోవడం కాదు. చేతులు రాకపోవడం. రెండూ వేరు.

ఏం చెయ్యలేదని అడుగు. చీపురుపుల్ల పెట్టాను. ఎక్కి కూర్చుంది. లాగాను. దిగిపోయింది… మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఎక్కింది. దానికది ఉయ్యాలనుకుందో ఏమో…

కుదపడమా? లోపల రంగు గీసుకుపోదూ? నిన్నొక సీసాలో వేసి కుదిపితే మాత్రం బయటికి వస్తావా, ఇంకా అడుగుకి అంటుకుంటావా?

వేడి లేకుండా అద్దం పీకితే అంచు విరుగుతుంది. వేడి చేస్తే ఇది పోతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇంతలో పక్కింటి పిల్లి వచ్చి అద్దం ముందు పీట వేసుకున్నట్టు కూర్చుంది. ఇది ఇంకా లోపలికి నక్కింది…

పిల్లిని మీ అక్క ఎత్తుకుపోయిందిలే.

—

నీ బాధ నాకు అర్థం కాలేదనుకోకు. నీ బండి తిరిగితేనే నీ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అందుకని నేను మాట తప్పను. ఓవెన్ తలుపు తెరిచే ఉంది. హెడ్‌లైటు ఇదిగో, పళ్ళెంలో ఉంది. లోపల పెడతాను. మీ అక్క మీట దగ్గర నుంచుంటుంది. నువ్వు "తిప్పు" అను, తిప్పుతుంది. అయితే ఆ మాట నీ నోటినుంచే రావాలి…

ఊఁ, అను…

ఏమిటీ?… హారన్ల మోతలో వినబడలేదు, మళ్ళీ చెప్పు…

ఎంతుంటుందా? నీ చిటికెనవేలంత… కళ్ళా? రెండు ఆవగింజలు. పొట్ట మరీ పల్చన, రాత్రి తిన్న దోమ కూడా కనబడుతోంది.

—

అదిగో. నువ్వూ అనలేవు. ఇందాక మరి అంత సులువుగా కాల్చెయ్యమన్నావు…

సరే సరే, దెప్పనులే. మన ఇద్దరిదీ ఒకటే జాతి, పనికి రాని జాతి. మీ అక్క కూడా అదే అంటోంది.

ఏమిటీ?… మళ్ళీ చెప్పు… అద్దం వైపు టార్చి వెయ్యాలి… దానికి వెలుతురు గిట్టక వెనక్కి పోతుంది… రంధ్రం దగ్గర చీకటిగా ఏదైనా పెడితే అందులో దూరుతుంది… ఏం పెట్టను?… సాక్సా?

ఓహో. ఈ తెలివంతా ఇంతసేపూ నీతోపాటే వరసలో నుంచుందన్నమాట.

ఏమేవ్, నా సాక్సు ఒకటి ఇలా తీసుకురా… ఉతికినదేనే… కాదంటోంది మీ అక్క. ఇలాంటి దానిలో పెట్టడంకంటే ఓవెనే నయమట.

తొడిగాను. టార్చి వేస్తున్నాను… ఉండు, మాట్లాడకు…

…

కదిలింది…

…

ఫ్రేము దాటింది. బల్బు చుట్టూ ఉండే మెరుపు గిన్నె వెనక్కి పోయింది… కనబడటం లేదు…

నువ్వు ఊపిరి మెల్లగా తీసుకోవోయ్, దానికి వినబడుతుంది…

…

సాక్సులో ఏదో బరువు. ఉంది. ఉందోయ్, దూరింది. లాగుతున్నాను… మూతి పట్టుకోవే, మూతి… ఆ, అయింది.

మీ అక్క పెరట్లోకి తీసుకెళ్తోంది… గోడమీద దులిపింది… పోయింది. వెనక్కి తిరిగి ఒక చూపైనా చూడలేదట. పోనీలే, కృతజ్ఞత ఆశించి చేసేది దయ కాదు.

ఇంక ఫోన్ పెట్టేస్తున్నాను. హెడ్‌లైటు ఓవెన్‌లో పెట్టి, కాస్త వేడెక్కగానే నొక్కి, బిగించుకుని వచ్చేస్తా… ఉండు.

—

ఉండు, ఉండు.

బావమరిదీ… తోక లోపలే ఉండిపోయింది.

—

సాక్సు లాగినప్పుడు రంధ్రం అంచున నొక్కుకుని తెగినట్టుంది. బల్లి వెళ్ళింది, తోక ఉంది.

అది కాదోయ్ సంగతి. కదులుతోంది.

అచ్చం వానపాములా… మెలి తిరుగుతోంది. పట్టకారు వెయ్యబోతే ఎగిరి అద్దం మూలకు పడింది. అక్కడికి ఏదీ అందదు…

అలాగే ఓవెన్‌లో పెట్టెయ్యమంటావా?… చెప్పడం సులువే. ప్రాణమన్నది తోకలో ఉండదని నేను ధైర్యంగా చెప్పగలను. కానీ తోకకు ఆ సంగతి తెలిసినట్టు లేదు.

ఎంతసేపు ఆడుతుందో నాకేం తెలుసు? నేనెప్పుడైనా చివరిదాకా కూర్చుని చూశానా?… కాసేపటికి ఆగిపోతుంది. ఆగగానే పెడతాను.

—

మన నంబరు పిలిచారా?

ఇప్పుడేనా?… అయ్యో… నీ వెనకాయన్ని ముందుకు పంపు. దణ్ణం పెట్టి పంపు…

పంపావా? మంచివాడివి…

ఇంకా ఆడుతోంది. కాస్త నెమ్మదించింది…

ఆయన వెనకాయన్ని కూడా పంపావా? కారణం ఏం చెప్పావు?… నిజమే చెప్పావా? నిజమంటే… బల్లి, తోక, అంతా?

మరి ఏమన్నారు?… నవ్వారా?… నవ్వనీ… తరవాతేం చేశారు?

ఆ రెండో ఆయన ముందుకు పోనంటున్నాడా? ఎందుకట?… ఏమైందో తెలుసుకునే పోతాడట? బాగుంది. వరసంతా ఆగిపోయిందా?

అయ్యో, అధికారిగారు బయటికి వచ్చారా? కోపంగా ఉన్నారా?… ఆయనకూ చెప్పారా?… ఊఁ… ఆయనేమన్నారు?

తోక సంగతి తనిఖీలో లేదట… వెలుతురు సూటిగా పడాలి, నీళ్ళు దిగకూడదు, అంతే చూస్తారట… గేటు మాత్రం మూసే వేళకే మూస్తారట. న్యాయమే. అంతకంటే ఏం అడుగుతాం?

ఏమిటి?… వాళ్ళంతా అడుగుతున్నారా, ఆగిందా అని?… అయితే ఫోన్ స్పీకర్‌లో పెట్టు…

పెట్టావా?… అయ్యలారా, నమస్కారం. నేను ఇతగాడి బావని. ఆలస్యానికి మన్నించాలి…

లేదండీ, ఇంకా ఆగలేదు. చివర మాత్రం సన్నగా వణుకుతోంది…

అలాగేనండీ… చూస్తూనే ఉన్నాను…

…

…

ఆగింది.

ఎవరండీ అది, "మళ్ళీ చూడండి" అన్నది?… చూస్తున్నాను తల్లీ. టార్చి వేశాను. కదలటం లేదు. పూర్తిగా ఆగింది.

మీరంతా సాక్షులు. ఏమేవ్, తిప్పు మీట… తిప్పింది.

ఇక దయచేసి ఎవరి బళ్ళు వాళ్ళు ముందుకు పోనివ్వండి. బావమరిదీ, నువ్వు మాత్రం గేటు దగ్గరే నుంచో, వస్తున్నాను…

—

ఎవరికెలా ఉందని అడుగుతున్నారు? బల్లికా?… దానికేం పరవాలేదని చెప్పవయ్యా వాళ్ళకి. కొత్త తోక వస్తుంది… ఆ. పెట్టెయ్.