కామా మామయ్య చెప్పిన సాక్ష్యం

ఏంటి తల్లీ, ఫోను అట్లా బోర్లించేశావు? చర్చి గ్రూపులో మళ్లీ మొదలైందా. కొత్త ఫాదర్ గారు ప్రసంగంలో ఎన్నికల మాట ఎత్తారనేగా. నాకూ చెప్పారులే పొద్దున. ఇటువాళ్లొకరు, అటువాళ్లొకరు, ఇద్దరూ నేను వాళ్ల మనిషినే అనుకుని చెప్పారు, ఇద్దరికీ తలూపాను. నవ్వకు, ఈ వయసులో తలూపితే సగం రోజు మిగులుతుంది. అది కాదు గానీ, అవతలివాళ్లకి అసలు దేవుడంటే నమ్మకమే లేదన్నావు చూడు ఇందాక, ఆ మాట మాత్రం అనకు. నీ వయసులో నేనూ అన్నాను. అనడమేంటి, అచ్చే వేశాను. కూర్చో, ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది, ఇటు కూర్చో. మా మేనమామ గురించి నీకెప్పుడూ చెప్పలేదు కదూ. మీ నాన్నకీ చెప్పలేదు.

మా అమ్మకి పెద్దన్న ఆయన. చర్చి వెనక సందులో ప్రెస్సు ఉండేది, రెండంటే రెండు గదులు. ముందు గదిలో సీసం అక్షరాలు అరల్లో పోసి ఉంచే కేసులు, వెనక గదిలో కాలితో తొక్కే మెషీను. మా నాన్న పోయాక మా అమ్మనీ నన్నూ తీసుకొచ్చి పైగదిలో పెట్టుకున్నాడు. ఎన్నాళ్లని అడగలేదు, ఎందుకని ఎవరినీ అడగనివ్వలేదు. నాకు అక్షరాలు పేర్చడం నేర్పాడు. ఊరంతా ఆయన్ని కామా గారనేవాళ్లు, నేను కామా మామయ్యననేవాణ్ని. ఎందుకంటావా, ఎవరిదో పెళ్లి కార్డులో ఒక కామా తప్పు చోట పడిందని కట్టలన్నీ పక్కన పడేసి మళ్లీ మొదట్నుంచీ వేశాడు. పెళ్లికొడుకు తండ్రి, ఎవరు చూస్తారండీ అన్నాడట. నేను చూశాను కదండీ అన్నాడట మామయ్య. అదీ మనిషి. పొద్దున పూజకి ఒక్కరోజు తప్పేవాడు కాదు. నాలుగో బల్ల, ఎడమ చివర. వాళ్ల నాన్న వాడిన లాటిన్ ప్రార్థన పుస్తకం, అట్ట ఊడిపోతే మైదా జిగురు పెట్టి ఎన్నిసార్లు అతికించుకున్నాడో. పూజ లాటిన్‌లోంచి మన మాటలోకి మారినప్పుడు వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదని మా అమ్మ చెప్పేది. మాకేమో అది నవ్వులాట.

అప్పుడు వచ్చాడు ఆ కుర్ర ఫాదర్. ముప్పై కూడా నిండలేదు, సైకిలు మీద తిరిగేవాడు, అంగీ అంచుకి ఎప్పుడూ గ్రీజు మరక. బట్టల మిల్లులో దూదిధూళికి ఊపిరితిత్తులు పాడై ఆడవాళ్లు మంచాన పడుతున్న రోజులవి. గాలి ఆడే ఏర్పాటు చెయ్యమని అడిగినందుకు నలభై మందిని పనిలోంచి తీసేసి గేటు బయట నిలబెట్టారు. ఫాదర్ గారు చర్చి హాలు తాళం తీసి వాళ్లకిచ్చాడు, మీటింగులు పెట్టుకోండని. ఆదివారం ప్రసంగంలో మిల్లు పేరెత్తాడు. ఆ ఊపులోనే పీఠం ముందున్న చెక్క కమ్మీ తీయించేశాడు, జనం మోకరించి సత్ప్రసాదం తీసుకునే కమ్మీ అది, ఇకనుంచి నిలబడి చేతుల్లో తీసుకోవచ్చన్నాడు. ఇంకేముంది, ఊరు రెండైంది. మోకాళ్లవాళ్లు, చేతులవాళ్లు. నేను చేతులవాణ్ని, చెప్పాలా. మోకాళ్లవాళ్లకి పెద్ద మా మామయ్య.

పెద్దంటే, వాళ్లతోనూ ఆయనకి పేచీయే. వాళ్లలో కొందరు, మిల్లు కూలీల వెనకున్న ఎర్రజెండా పార్టీకి ఓటేస్తే పాపమని పీఠం మీంచి చెప్పించాలని పట్టుబట్టారు. ఈయన ఒప్పుకోలేదు. పీఠం మీంచి ఓటు మాట వద్దయ్యా, ఎటువైపు ఓటైనా సరే, అనేవాడు. ఫాదర్ గారితోనూ అదే మాట. ప్రతి శనివారం చర్చి పత్రిక అచ్చుకి ముందు ప్రూఫు చూడ్డానికి ఆయన ప్రెస్సుకి వచ్చేవాడు, ఇద్దరూ గంటసేపు వాదించుకునేవాళ్లు. ఫాదర్ గారు గొంతు పెంచేవాడు, ఆకలితో ఉన్నవాడి మాట పీఠం మీద చెప్పకపోతే ఇంకెక్కడ చెప్పాలండీ అని. మామయ్య ప్రూఫులోంచి తలెత్తకుండానే, చెప్పండి, కానీ మీరూ దేవుడూ ఒకే పార్టీ అని మాత్రం చెప్పకండి, అనేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. మిల్లు గేటు దగ్గర నిలబడ్డవాళ్లలో నాతో చదువుకున్న పిల్ల వాళ్లమ్మ ఉంది మరి, దగ్గితే చీరకొంగు ఎర్రబడేది. ఇక్కడ ఈయన కామాలు లెక్కపెట్టుకుంటున్నాడు అనిపించేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, ఈయన ఆసుపత్రిలో ఎవరినో చూడ్డానికి వెళ్లాడు. ప్రెస్సు తాళం నా దగ్గరే ఉంది. కూర్చుని ఒక కరపత్రం పేర్చాను. దానికి పేరు లేదు. మోకాళ్లు అరిగాయి గానీ మనసులు కరగలేదని మొదలుపెట్టాను, అక్కడితో ఆగితే బాగుండేది. మోకాళ్లవాళ్లంతా మిల్లు యజమాని ఉప్పు తింటున్నారని, వాళ్లకి దేవుడంటే నమ్మకమే లేదని రాశాను. లాటిన్ తప్ప దేవుడికి ఇంకో భాష రాదనుకునే ముసలి అచ్చుయంత్రమని ఒకాయన్ని రాశాను. ఎవరినో చెప్పక్కర్లేదు కదా. సొంత మామయ్యని, ఆయన అక్షరాలతోనే, ఆయన అన్నం తింటూ. మర్నాడు పొద్దునకల్లా చర్చి బల్లలన్నిటి మీదా పంచేశాను. ఆయన పూజకి వచ్చి నాలుగో బల్ల మీదున్న కాగితం తీసుకుని చదివాడు. మడిచి ప్రార్థన పుస్తకంలో పెట్టుకున్నాడు. ఆ రోజంతా ప్రెస్సులో మామూలుగానే పని చెప్పాడు నాకు.

తర్వాత వ్యవహారం నా చెయ్యి దాటిపోయింది. ఆ కాగితం ఫాదర్ గారే రాయించాడని మోకాళ్లవాళ్లు బిషప్ గారికి ఫిర్యాదు పంపారు. విచారించడానికి ఇద్దరు పెద్ద గురువులు వచ్చారు. తప్పు రుజువైతే ఆయన్ని ఎక్కడికో పంపేస్తారు, హాలుకి తాళం పడుతుంది, ఆ నలభై మంది రోడ్డున పడతారు. నేనే రాశానని చెప్పాలని వెళ్లాను తల్లీ, నిజంగానే వెళ్లాను. హాలు గుమ్మం దాకా వెళ్లాక ధైర్యం చాల్లేదు. వెనక గోడకి ఆనుకుని నిలబడిపోయాను. ఫాదర్ గారు నేను కాదన్నాడు, ఎవరూ నమ్మలేదు. అప్పుడు మోకాళ్లవాళ్ల తరఫున సాక్ష్యం చెప్పమని మామయ్యని పిలిచారు.

ఆయన లేచి ఫాదర్ గారి తప్పులన్నీ వరసగా చెప్పాడు. కమ్మీ ఎవర్నీ అడక్కుండా తీయించాడన్నాడు. ప్రసంగం రాజకీయమైపోతోందన్నాడు. మోకాళ్లవాళ్లంతా తలలూపుతున్నారు, ఇక ఫాదర్ గారి పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు పుస్తకంలోంచి ఆ కాగితం తీశాడు. "ఇది మాత్రం ఆయనది కాదు. ఇందులో ళ అక్షరం చూడండి, తొమ్మిది చోట్ల కింది మూల విరిగి ఉంది. ఆ విరిగిన ళ నా కేసులోది. ఇది నా ప్రెస్సులో అచ్చయింది. దీనికి జవాబుదారీ నాది," అన్నాడు.

ఎవరు రాశారని అడిగారు గురువులు. అది నేను చెప్పనండీ అన్నాడు. తెలియదనలేదు చూశావా, తెలియదంటే అబద్ధమవుతుంది. చెప్పనన్నాడు. పెద్ద గురువు, మిమ్మల్నే ముసలి యంత్రమని రాశారు కదండీ అన్నాడు. చదివానండీ, అన్నాడు మామయ్య. ఇంకో మాట కూడా చెప్పాడు. "ఆసుపత్రిలో నేను వెళ్లిన ప్రతిసారీ ఈ ఫాదర్ గారు నాకంటే ముందే ఆ మిల్లు ఆడవాళ్ల మంచాల పక్కన మోకాళ్ల మీద ఉన్నారు. ఆయన చెప్పేది నాకు నచ్చదు. ఆయన ప్రార్థన చేస్తారు. అది నేను చూశాను." అని కూర్చున్నాడు.

ఫాదర్ గారు ఊళ్లోనే ఉండిపోయాడు. మిల్లువాళ్లు ఇరవై తొమ్మిది మందిని తిరిగి పనిలోకి తీసుకున్నారు, కిటికీలకి పెద్ద ఫ్యాన్లు పెట్టారు. మిగతా పదకొండు మందికి న్యాయం జరగలేదు, అదీ చెప్పాలి. బిషప్ గారి ఆఫీసు అచ్చుపనులు మామయ్య చెయ్యి దాటిపోయాయి. పేరులేని కాగితం వేసిన ప్రెస్సని మచ్చ. ఆయనకా మచ్చ, ఊహించు. నాతో ఒక్కటంటే ఒక్కటే అన్నాడు, మూడో రోజునో నాలుగో రోజునో, కేసులోంచి విరిగిన ళలు ఏరి పక్కన పెడుతూ. "రాసినదాంట్లో సగం నిజమేరా. కింద నీ పేరు వేసుకుని ఉంటే మిగతా సగం రాసేవాడివి కాదు." అంతే.  క్షమించమని నోటిదాకా వచ్చింది. ఆయన ప్రూఫు చేతికిచ్చి, ఇది చూడు అన్నాడు.

ఇంకో పదకొండేళ్లు బతికాడు. శనివారాల వాదన ఆగలేదు. చివరి రోజుల్లో పాపసంకీర్తనానికి, అదే, పాపాలు చెప్పుకోడానికి, ఎవర్ని పిలవమంటారు, పక్క ఊళ్లో పెద్ద ఫాదర్ గారిని తీసుకురానా అనడిగాను. ఆయనెందుకు, మన సైకిలాయన ఉన్నాడుగా, అన్నాడు. అప్పటికి సైకిలాయనకీ జుట్టు నెరిసింది. లోపల చాలాసేపున్నాడు. బయటికొచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, మొన్నటి నా ప్రసంగంలో తప్పొకటి పట్టి అప్పుడు మొదలుపెట్టారయ్యా మీ మామయ్య, అన్నాడు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

ఆయన పోయిన నలభయ్యో రోజు ప్రార్థన అయ్యాక నేను లేచాను. అందరూ ఉన్నారు, మోకాళ్లవాళ్లూ చేతులవాళ్లూ. ఆ కాగితం రాసింది నేనే అని చెప్పాను.   అప్పుడు మోకాళ్లవాళ్లలో ఒకావిడ, నర్సమ్మ అనేవాళ్లం, ఆసుపత్రిలో చేసేది, ఆవిడ లేచొచ్చి నా పక్కన కూర్చుంది. "మాకు తెలుసు నాయనా. ఆ విచారణ అయిన మర్నాడే మీ మామయ్య మా అందరిళ్లకీ వచ్చి వెళ్లాడు. వాణ్ని ఎవరూ ఏమీ అనొద్దు, వాడంతట వాడే చెప్తాడు, అందాకా ఆగండి అన్నాడు," అంది.

పదకొండేళ్లు తల్లీ. వాళ్లలో ఎవరూ నన్నొక మాటనలేదు. నా పెళ్లికి వచ్చారు, మీ నాన్న పుడితే చూడ్డానికి వచ్చారు. ఆయన రోజూ పొద్దున నా ఎదురుగా కూర్చుని ప్రూఫులు చూసేవాడు, నేనెప్పుడు చెప్తానా అని...

ఏదీ, ఆ కళ్లజోడు ఇటివ్వు. ఇది కాదు, ఇంకోటి, చదువుకునేది. ఆ గ్రూపులో ఏం రాశారో నేనూ చూస్తాను.