చేదు తీసేసిన వేరు

(మధ్యాహ్నం, మూడో అంతస్తులో పరీక్షల ల్యాబు. తెర మీద గీత ఎంతకీ లేవడం లేదు. దాని ముందు బిస్కట్లు చేసే బాబాయ్; ఆయన అన్నకూతురు, ఇక్కడే పనిచేస్తుంది.)

“ఇంకోసారి పెట్టు తల్లీ.”

“ఇది మూడోసారి బాబాయ్. మూడుసార్లూ గీత చాపలా పడుకుంది.”

“కాసేపాగితే లేస్తుందేమో!”

“లేవదు. ఇటు చూడు, ఇది పచ్చి జిన్‌సెంగ్ వేరుకి వచ్చిన గీత. ఈ గొట్టంలోంచి పోతూ వేరులోవన్నీ విడివిడిగా బయటికొస్తాయి. ఒక్కోదానికి ఒక్కో కొండ. ఆరున్నాయి. నీ బిస్కట్‌కి ఒక్కటీ లేదు.”

“పోనీ, ఓ రెండు కొండలు నువ్వే గీసెయ్యరాదూ?”

“బాబాయ్!”

“ఏం చెయ్యనే? పెట్టెల మీద ‘ఒంటికి సత్తువనిచ్చే జిన్‌సెంగ్ బిస్కట్లు’ అని అచ్చు వేయించేశా. ఎల్లుండికి అందులో జిన్‌సెంగ్ ఉందని నీ కాగితం అందకపోతే షాపువాళ్లు మొత్తం వెనక్కి పంపేస్తారు. ఆర్నెల్ల కష్టం!”

“గీయనుగాక గీయను. వేరు మంచిదే. నువ్వే దాన్నేదో చేశావ్. చెప్పు.”

“ఏం చేస్తాను? కడిగా, తరిగా, ఎండబెట్టా, దంచా.”

“మధ్యలో?”

“మధ్యలో ఏముంటుంది?”

“బాబాయ్…”

“కాస్త ఉడకబెట్టా.”

“కాస్తంటే?”

“మూడుసార్లు. నీళ్లు మార్చి మార్చి. చేదే తల్లీ, ఒకటే చేదు! నోట్లో పెట్టుకోవద్దూ? అదే నా రహస్యం, ఎవరితోనూ అనకు.”

“నీ రహస్యం తగలెయ్య! ఆ చేదులోనే ఉంది అసలు సరుకు. అదంతా నీళ్లలోకి దిగిపోయుంటుంది. నువ్వు పిప్పి దంచి బిస్కట్లు చేశావ్.”

“ఓరి నాయనో! రోజుకి నాలుగు తింటున్నా, మెట్లెక్కితే ఆయాసం తగ్గదేమిటా అనుకుంటున్నా!”

“ఆ నీళ్లేవి? తెస్తే ఇప్పుడే చూస్తా. అందులో ఉంటే ఆ నీళ్లతోనే పిండి కలుపు. కొత్త బిస్కట్ తెచ్చివ్వు, రేపే మళ్లీ పరీక్ష పెడతా.”

“బతికించావ్! ఉండు, మీ పిన్నికి ఫోన్ చేస్తా… ఏమేవ్, పొద్దున వేరు ఉడికించిన నీళ్లు పారబోశావా? లేదా? అమ్మయ్య! ఏంటీ? రోజూనా? గ్లాసుడా? నాతో ఒక్క ముక్కయినా అన్నావా? నేనడగలేదనా!”

“ఏమంటోంది బాబాయ్? ఉన్నాయా లేవా?”

“గిన్నెడు మిగిలాయట. ఆర్నెల్లుగా తనే తాగుతోందట. ‘నువ్వు మళ్లీ ఆ మెట్లెక్కలేవు, అక్కడే కూర్చో, నేనే పరుగున తెచ్చిస్తా’ అంటోంది.”